సమర్తాడిన బావి

మా చేదబావి నీళ్ళు రంగు తిరిగాయని ముందుగా చెప్పింది మనుషులు కాదు, అన్నం. వార్చి దించిన అన్నం పలచని టీలో నానినట్టు కనపడింది. బియ్యం మార్చావా అని మా ఆయన అడిగారు. మార్చలేదు. మరునాడు ఆయన తెల్లపంచె ఆరేస్తే, నీళ్ళు కారి ఆగిన కింది అంచు మీద పసుపూ కాని, ఎరుపూ కాని చార ఒకటి తేలింది. సబ్బు వేసి రుద్దినా పోలేదు. ఆ తరువాత దూడ. తొట్టి దగ్గరికి ఆత్రంగా వచ్చేది, మూతి వంచేది, తాగకుండా ఆగి, నీళ్ళలోకి చూస్తూ అట్లాగే నిలబడిపోయేది. పశువు దేన్నయినా అంతసేపు చూడడం నేను అంతకు మునుపు ఎరగను.

పైనుంచి తొంగి చూస్తే నీళ్ళు నల్లగా ఉన్నట్టే ఉండేవి. చేది ఇత్తడి బిందెలో పోస్తే అప్పుడు తెలిసేది. నెత్తురు రంగు అనను. తంగేడు చెక్క కాచి వడగట్టినట్టు ఉండేది. వాసన కూడా పెద్దగా లేదు, వానకు తడిసిన తాడు వాసన, అంతే. బావిలో మా మామగారి కాలంలో వదిలిన కొర్రమీను ఒకటి ఉండేది. ఎప్పుడో గాని పైకి రానిది, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉండేది. ఏదో చెబుతున్నట్టు ఉండి, నేను చేద వదలకుండా వెనక్కి వచ్చేసేదాన్ని.

మా ఊరు పొల్లాచ్చి నుంచి కోయంబత్తూరు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. చుట్టూ టెంకాయ తోటలే. ఊళ్ళో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవి. వందల ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డామంటారు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఈ ఊరే. మా తమ్ముడి చేను మా ఇంటికి ఎగువన, మెట్ట మీద ఉంది. ఆ చేలో వాడు కొబ్బరిపొట్టు యార్డు పెట్టాడు.

ఆ పొట్టు సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో టెంకాయ పైడొక్కలకు విలువ లేదు. రోడ్డు పక్కన పోసేవాళ్ళు, వడ్లు ఉడకబెట్టేవాళ్ళు పొయ్యిలోకి ఎత్తుకుపోయేవాళ్ళు. కొందరు ఆడవాళ్ళు పీచు తీసి, చెట్ల నీడలో రాట్నాలు పెట్టుకుని తాడు పేనేవాళ్ళు. రాట్నం ఒకచోట తిరుగుతుంటే పేనే మనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ పోయేది. మా అమ్మమ్మ అట్లా వెనక్కి నడిచే బతికింది.

ఆ తరువాత చైనావాళ్ళు వచ్చారు. వచ్చారంటే మనుషులు రాలేదు, వాళ్ళ కోరిక వచ్చింది. ఆ దేశం తలుపులు తీసి లోకంతో వ్యాపారంలో కలిసిందనీ, అక్కడ పరుపులకు పీచు ఎంతయినా చాలడం లేదనీ అన్నారు. పీచును మావైపు మంజి అంటారు. ఊరూరా మంజి మిల్లులు లేచాయి. రోడ్డు పక్క డొక్కలు ఒక్క ఏడాదిలో మాయమయ్యాయి. పీచు కట్టలన్నీ లారీలెక్కి తూత్తుకుడి ఓడరేవుకు పోతుంటే, తాడు పేనేవాళ్ళకు పిడికెడు పీచు దొరకలేదు. రాట్నాలు ఎవరూ ఆపలేదు, అవే ఆగాయి. తాడు మా ఊళ్ళో పుట్టి, మా ఊళ్ళోనే లేకుండా పోయింది. చేదకు కూడా నైలాను తాడు కొనుక్కొచ్చాము.

పీచు తీసేశాక మిగిలేది పొట్టు. అది ఎవరికీ అక్కరలేదు. మిల్లుల వెనక కొండలుగా పేరుకుంది. ఆ కొండలు పైకి చల్లగా, లోపల మండుతూ ఉంటాయి. మంట కనపడదు, పొగ కూడా ఎప్పుడో గాని రాదు. ఒకసారి మా వీధి కుక్క దాని మీదికి ఎక్కి, కాలు కూరుకుపోయి, అరుస్తూ దిగి, ఆ తరువాత ఆ వైపే పోలేదు. ఇన్నేళ్ళు ఆ కొండల పక్కనే మేము బతికాము.

ఆ చెత్తే బంగారమయింది. యూరప్‌లో ఎక్కడో అద్దాల ఇళ్ళు కట్టి, వాటిలో మట్టి అన్నది లేకుండా టమోటాలు పండిస్తారట. మట్టికి బదులు మన పొట్టు. మా తమ్ముడు ఫోనులో చూపించాడు. తెల్లటి సంచుల్లోంచి తీగలు పైకి పాకి, కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. చేను లేదు, గట్టు లేదు, మనిషి లేడు. ఒక పురుగు కూడా లేదు. నాకెందుకో ఆస్పత్రిలో ఒకే తీరుగా పడుకోబెట్టిన రోగులు గుర్తొచ్చారు.

ఆ టమోటాలకు ఉప్పు పడదు. మన పొట్టులో ఉప్పుంటుంది. కాబట్టి కడగాలి. తొట్లలో నీళ్ళు నింపి, నానబెట్టి, వదిలి, మళ్ళీ నింపి, మళ్ళీ వదలాలి. మా తమ్ముడి జేబులో పెన్నులాంటి మీటరు ఒకటి ఉండేది. దాన్ని తడిపొట్టులో గుచ్చితే ఉప్పెంతో అంకె చూపిస్తుంది. మొదట్లో రెండు కడుగులతో సరిపోయేది. ఆ తరువాత వియత్నాంవాళ్ళు కూడా పొట్టు పంపడం మొదలుపెట్టారు. వాళ్ళకూ ఆ దేశాలకూ ఏదో ఒప్పందం కుదిరిందనీ, సరుకు ఎక్కడా ఆగకుండా పోతుందనీ వాడు చెప్పాడు. కొనేవాడు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ధర తగ్గించు, లేదా ఉప్పు తగ్గించు అంటాడు. ధర తగ్గించే వీలు లేక వీడు ఉప్పు తగ్గిస్తూ పోయాడు. ఎక్కడో రెండు దేశాలవాళ్ళు కూర్చుని సంతకం పెడితే మా మెట్ట మీద తొట్టి ఇంకొకసారి నిండేది.

ఇవన్నీ నేను ఇప్పుడు వరసగా చెబుతున్నాను గాని, అప్పుడు ఎవరికీ వరసగా తెలియవు. బావి ఎర్రబారింది, అంతే తెలుసు. దానికి కారణం కనిపెట్టింది మా అత్త.

అత్త ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ బావి నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తాగలేదు. పెళ్ళిళ్ళకు పోయినా సొంత చెంబు వెంట పోవాల్సిందే. ఒకసారి చెంబు మరిచిపోయి, కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో బంధువుల ఇంట గృహప్రవేశమయితే బాటిలు నీళ్ళు ఇచ్చారని పొద్దంతా దప్పికతో కూర్చుని తిరిగి వచ్చింది. అటువంటి మనిషి, బిందెలో ఆ రంగు చూసి భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. చాలాసేపు చూసింది. వేలు ముంచి తీసి వెలుతురులో చూసుకుంది. ఆ తరువాత మొహం విప్పారింది.

"అమ్మణ్ణీ, మన గంగమ్మ సమర్తాడింది," అంది.

ఆంధ్రా వైపు ఈ మాట ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. మా ఇళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషయితే సమర్తాడింది అనే అంటాం. బావిని ఇంటి ఆడపడుచుగా చూడడమూ మాకు కొత్త కాదు. శుక్రవారం గట్టుకు పసుపు రాసి బొట్టు పెడతాం. కానీ బావి పెద్దమనిషి కావడం ఎవరూ వినలేదు. అత్త మాత్రం వాళ్ళ నాయనమ్మ చెప్పగా విన్నానంది. ఇన్నాళ్ళూ చిన్నపిల్లగా ఉన్నది, ఇప్పుడు ఈడేరింది, మూల కూర్చోబెట్టాలి, తాకకూడదు, చేదకూడదు అని తీర్మానించింది. ఆయన నవ్వబోయి, తల్లి మొహం చూసి మానుకున్నారు.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. సమర్తాడిన పిల్లకు పచ్చి టెంకాయ మట్టలతో గుడిసె కట్టాల్సింది మేనమామ. సారె తేవాల్సిందీ మేనమామే. బావికి మేనమామ ఎవరు? పక్కింటి పెద్దమ్మ, తవ్వినవాడు అంది. తవ్వినవాడు తండ్రి అవుతాడు గాని మామ ఎట్లా అవుతాడని అత్త కొట్టిపారేసింది. మరి దేవుళ్ళలో చూద్దామా అని ఆయన అంటే, నోరు మూసుకోమంది. కాసేపు ఆలోచించి నావైపు తిరిగింది.

"నీ కూతురికి ఎవరు కట్టినారు?"

"మా తమ్ముడు."

"ఇదీ ఈ ఇంటి పిల్లే కదా. ఆ మొరే దీనికీ. పిలువు వాణ్ణి."

మొర అంటే వరస. మా వాళ్ళ దగ్గర వరస చెప్పాక ఇంక మాట లేదు. ఫోను చేశాను. సంగతి విని వాడు, నీళ్ళు ఏ రంగు అని రెండుసార్లు అడిగాడు. ఆ తరువాత వస్తానన్నాడు.

వచ్చాడు. పచ్చి మట్టలు కొట్టించుకొచ్చాడు. పళ్ళెంలో చీర, పూలు, పసుపు, ఆకుపచ్చ గాజులు, అన్నీ సక్రమంగా తెచ్చాడు. బావి చుట్టూ గుంజలు పాతి, మట్టలు అల్లి, చక్కటి గుడిసె కట్టాడు. కట్టినంతసేపూ ఒక్కసారి కూడా బావిలోకి చూడలేదు. అది నేను గమనించాను. అందరూ తొంగి తొంగి చూస్తున్నారు, మామ మాత్రం చూడలేదు. అత్త చీరను గట్టు మీద పరిచి, గాజులను తాడు ముక్కకు గుచ్చి గిలక గుంజకు కట్టింది. నువ్వుల చిమ్మిలి, మినప్పిండి ఉడికించిన కళి చేసి ఆకులో పెట్టింది. మేము పంచాయతీ కుళాయి నీళ్ళు తెచ్చుకున్నాము. అత్త వాటిని కూడా తాగలేక తాగింది, మజ్జిగలో కలుపుకుని.

గుడిసె వేశాక ఆ పెరడు మాది కాకుండా పోయింది. మట్టల నీడలో లోపల పచ్చటి చీకటి. గాలి లేకపోయినా ఒక్కొక్కప్పుడు గాజులు కదిలేవి. ఎండిపోతున్న మట్టలు ముడుచుకుంటూ తాడును లాగుతున్నాయని ఆయన అన్నారు. అయి ఉండొచ్చు. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్న వేళ, గలగల, ఆగి మళ్ళీ గలగల. ఎవరో లోపల చేతులు కడుక్కుంటున్నట్టు. అత్త పీట వేసుకుని గుడిసె గుమ్మంలో కూర్చునేది. ఈడొచ్చిన పిల్లకు చెప్పేవన్నీ చెప్పేది. మిట్టమధ్యాహ్నం బయట తిరగొద్దు, జుట్టు విరబోసుకోవద్దు, ఎవరైనా పిలిస్తే వెంటనే పలకొద్దు. నాకు కొత్తకోడలిగా చెప్పిన మాటలే అవి. వంటింట్లోంచి వింటుంటే, అత్త ఆగిన ప్రతిచోటా అవతలి నుంచి ఏదో జవాబు వచ్చినట్టే ఉండేది. ఆగడం అట్లా ఉండేది మరి, సరిగ్గా ఒక జవాబుకు పట్టేంత.

ఒక రోజు ఆమె లేనప్పుడు నేను మట్ట తొలగించి తొంగి చూశాను. నీటి మీద సన్నటి పొర కట్టింది. నా మొహం కనపడలేదు. కొర్రమీను వెల్లకిలా తేలి ఉంది. అత్త చూడకముందే జల్లెడకు కర్ర కట్టి తీసి, అరటి పాదులో పూడ్చాను. దాని కళ్ళు కూడా ఆ రంగుకే తిరిగి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం నేను మెట్ట మీదికి పోయాను. తమ్ముడికి మజ్జిగ తెచ్చానని సాకు. యార్డులో ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని పొట్టు తిరగేస్తున్నారు. దుమ్ములో వాళ్ళ కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి, ఎవరు ఎవరో తెలియలేదు. ఒక తొట్టి అడుగు తూము అప్పుడే తీశారు. దాంట్లోంచి మా బావి వచ్చింది. ఆ రంగే, ఆ వాసనే. కాలవగా పారి, చేను మూల గుంటలో చేరి, అక్కడ ఇంకిపోతోంది.

"ఆ నీళ్ళు ఏడకు పోతాయిరా?" అన్నాను.

"ఏడకు పోతాయి, భూమిలోకి."

"భూమిలో ఏడకు?"

వాడు మీటరు పొట్టులో గుచ్చి అంకె చూశాడు. మళ్ళీ తుడిచి మళ్ళీ గుచ్చాడు. ఈ లోడు తప్పిపోతే కొనేవాడు వియత్నాం వైపు పోతాడనీ, పోయినవాడు మళ్ళీ రాడనీ, యార్డు మూస్తే ఈ ఆడవాళ్ళందరూ ఏం చేస్తారనీ చెప్పుకొచ్చాడు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, అవే నీళ్ళను మళ్ళీ వాడే తొట్లున్నాయట, కట్టాలంటే పని నిలపాలట. ఇంకొక్క కడుగు అక్కా, అన్నాడు. నేను గుంటను చూస్తున్నాను. నీళ్ళు ఇంకే చోట చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి, కింద ఎవరో గుటకలు వేస్తున్నట్టు.

"ఆమె అది సమర్త అనుకుంటా ఉండాది," అన్నాను.

"అనుకోనీ. సంతోషంగా ఉండాది కదా."

"మజ్జిగ మానేసి మళ్ళీ ఆ నీళ్ళే తాగుతాదిరా. మైల దిగినాక తాగుతాది. వేరే తాగదు, నీకు తెలుసు."

వాడు మజ్జిగ చెంబు నా చేతికి తిరిగి ఇచ్చాడు. తాగలేదు.

మైల దించే రోజు వచ్చింది. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు, కొందరు భక్తితో, కొందరు వేడుక చూద్దామని. గుడిసె విప్పి తగలబెట్టాల్సింది మామ కాబట్టి తమ్ముడు తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. మట్టలు విప్పి పెరటి మూలన కాల్చాడు. ఆకు ఇంకా సగం పచ్చి, పొగ ఎక్కువ, మంట తక్కువ. అత్త మొదటి చేద తానే తోడింది. పసుపు కలిపి నాలుగు మూలలా చల్లింది. నీళ్ళు మునుపటికంటే చిక్కగా ఉన్నాయి. బిందె అడుగు కనపడలేదు. ఎవరో గొణిగారు, ఇంకెవరో చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అత్త గాజుగ్లాసు నిండా పోసి తమ్ముడి ముందుకు చాచింది.

"తాగు తంబీ. మామ తాగినాకే ఇంట్లో వాళ్ళు తాగేది."

ఆ గ్లాసు వాడి చేతిలో ఉన్నంతసేపూ నేను వాడి మొహమే చూస్తున్నాను. ఎండ గ్లాసులోంచి పడి వాడి పంచె మీద ఎర్రటి మచ్చ కదులుతోంది. చిన్నప్పుడు మందు తాగడానికి ఎట్లా కళ్ళు మూసుకునేవాడో అట్లాగే మూసుకుని, ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు దించి, గట్టు మీద పెట్టి, పెట్టిన చేయి తీయకుండానే అన్నాడు:

"అత్తా, ఇది సమర్త కాదు. నా పొట్టు కడిగిన నీళ్ళు."

పక్కింటి పెద్దమ్మ నవ్వబోయి, నవ్వడానికేమీ లేదని తెలిసి ఊరుకుంది. అత్త వాడిని కాదు, బిందెను చూసింది. మొదటిరోజు చూసినట్టే చాలాసేపు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"గుడిసె కట్టక ముందే."

"చీర ఎత్తుకొచ్చినావే."

"మీరు పిలిచినారు అత్తా. మొర అన్నారు."

అత్త గ్లాసు తీసుకుని మళ్ళీ బిందెలో ముంచింది. నింపి వాడికి చాచింది.

"సరి. ఇంకో గ్లాసు తాగు."

వాడు తాగాడు. ఆమె మళ్ళీ ముంచింది. గొంతులో కోపం లేదు, అన్నం వడ్డిస్తూ ఇంకొంచెం వేసుకో అన్నట్టే ఉంది. దానికే నాకు భయం వేసింది. వాడూ వద్దనలేదు. ఆమె చాస్తుంటే తీసుకుంటున్నాడు, తాగుతున్నాడు, గడ్డం మీదుగా కారి తెల్లచొక్కా మీద చారలు పడుతున్నాయి. ఆమె ముంచడం ఆపేలా లేదు, వాడు తాగడం ఆపేలా లేడు. చుట్టూ అంతమంది ఉండి ఒక్కరూ కదలలేదు. చివరికి నేను పోయి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. ఆమె నన్ను చూసి, నేనెవరో అప్పుడే గుర్తొచ్చినట్టు కళ్ళు ఆర్పింది. ఆ తరువాత గిలక దగ్గరికి పోయి, తాడుకు కట్టిన గాజులు ఒక్కొక్కటిగా విప్పి నా చేతికి ఇచ్చింది.

"ఇంక దీనికి వద్దు," అంది. "చిన్నపిల్లకు వొంట్లో బాగాలేకపోతే సంబరం చేసినాము."

ఆ రాత్రి ఆమె ఏమీ తినలేదు.

తమ్ముడు ఆ వారమే తూములు మూయించాడు. ఆ లోడు పోలేదు. కొనేవాడు ఒక మెసేజు పంపి ఊరుకున్నాడట, కోపం కూడా తెచ్చుకోలేదట. వాడికి అంతకంటే అవమానమనిపించింది. అడుగున షీటు వేసిన తొట్లు రెండు కట్టాడు, కాని అప్పటికి అడిగేవాళ్ళు వేరే దారి పట్టారు. యార్డులో సగంమంది ఆడవాళ్ళు పొల్లాచ్చికి పనికి పోతున్నారు. ఇప్పుడు వాడు పొట్టును కడగకుండానే అమ్ముతున్నాడు. లారీ వస్తుంది, నింపుకుంటుంది, పోతుంది. ఎక్కడికి అని అడిగితే, దూరంగా ఎక్కడో వాళ్ళే కడుక్కుంటారట, ఊరి పేరు చెప్పరట. లారీ పోయిన దారిని నేను ఒక్కొక్కప్పుడు చూస్తూ నిలబడతాను. ఆ దారిన ఉన్న ఊళ్ళలో బావులు లేని ఊరు నాకు తెలియదు.

మా బావి ఇంకా తేరుకోలేదు. చేది పారబోస్తూ ఉంటే పాతనీరు పోయి కొత్తనీరు ఊరుతుందని బావి పూడిక తీసేవాడు చెప్పాడు. రోజూ చేదుతున్నాను. పారబోసిన చోట నేల నల్లబడి, గడ్డి రావడం మానేసింది. అత్త కుళాయి నీళ్ళను మజ్జిగతో తాగుతోంది. సన్నబడింది. నీళ్ళు గొంతులో దిగడం లేదంటుంది, వేరే జబ్బేమీ లేదు. తన బావి నీళ్ళు ఒక్కసారి తాగి పోతే చాలంటుంది. ఆ మాట తమ్ముడి ఎదుట అనదు.

శుక్రవారం శుక్రవారం వాడు వస్తాడు. ఎవరూ పిలవరు. తానే చేద వేసి తోడి, గ్లాసు నింపుకుని, గోడ వైపు తిరిగి తాగుతాడు. వద్దని నేను అన్నాను, ఆయనా అన్నారు. వినడు. అత్త అరుగు మీద కూర్చుని వాడి గొంతు కదలడం చూస్తుంది.

"ఎట్లా ఉండాది తంబీ?"

వాడు మూతి తుడుచుకుని, నోట్లో రుచిని ఒకసారి సరిచూసుకుంటాడు. అబద్ధం చెప్పాలని వాడికి ఎంత ఉందో నాకు కనపడుతూనే ఉంటుంది.

"ఇంకా ఉప్పే అత్తా."

"సరి," అంటుంది ఆమె. "వచ్చే వారం చూడు."